నాన్న మెయిల్ తాళంచెవి ఎవరి దగ్గరుంది?

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాన్న కాగితాల కవరు ముందేసుకుని కూర్చున్నాను. పాన్ కార్డు, పింఛను పుస్తకం, రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు. ఆదాయపు పన్ను వెబ్‌సైట్లో ఆయన వివరాలు ఒకసారి సరిచూద్దామనుకున్నాను. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. కొత్తది పెట్టుకుందామని చూస్తే, అక్కడున్న ఫోన్ నంబరు నాన్నది కాదు, మెయిలూ నాన్నది కాదు. రెండూ రిటర్ను వేసిపెట్టే ఆడిటర్ గారివి. ఆయన మంచివారే. నాన్నకు మెయిల్ లేదంటే పని ఆగకూడదని తనది పెట్టి కానిచ్చారు.

"ఫోన్‌లో మీకు జీమెయిల్ ఉంది కదా నాన్నా?" అన్నాను.

"అది ఫోన్ కొన్నప్పుడు షాపు కుర్రాడు చేసిచ్చాడురా. దాంతో నాకేం పని?" అన్నారు.

తెరిచి చూస్తే చదవని మెయిళ్లు 6 వేల పైచిలుకు. పాస్‌వర్డ్ ఆ కుర్రాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ షాపు ఎత్తేసి రెండేళ్లయింది.

మనలో చాలామంది ఇళ్లలో ఇదే వరస. అమ్మానాన్నలకు వాట్సాప్ చాలు, మెయిల్ ఎందుకు అనుకుంటాం. ఉత్తరాలు రాసుకోవడానికైతే నిజంగానే అక్కర్లేదు. కానీ మెయిల్ ఇప్పుడు ఉత్తరాల డబ్బాలా కంటే తాళంచెవిలా ఎక్కువ పనిచేస్తోంది. బ్యాంకు స్టేట్‌మెంటు, మ్యూచువల్ ఫండ్ లెక్క, పన్ను శాఖ నోటీసు అక్కడికే వస్తాయి. పాస్‌పోర్టు సేవలో ఖాతా తెరవాలన్నా, అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లడానికి వీసా ఫారం నింపాలన్నా మెయిల్ అడుగుతారు. నవంబర్‌లో ఇంట్లో కూర్చుని ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇద్దామన్నా, జీవన్ ప్రమాణ్ యాప్ మెయిల్ అడుగుతుంది. అన్నిటికీ మించి, ఈ వెబ్‌సైట్లలో ఎక్కడ "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కినా, చాలావరకు కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే దారి మెయిల్‌కే వస్తుంది. అంటే మెయిల్ ఎవరి చేతిలో ఉంటే మిగతా తలుపులన్నీ వాళ్ల చేతిలో ఉన్నట్టే.

కాబట్టి పెద్దవాళ్లకు మెయిల్ పెట్టివ్వడం అంటే యాప్ వేసి, చూడటం నేర్పించి రావడం కాదు. ఆ ఖాతా పోతే ఎలా తిరిగి తెచ్చుకోవాలి, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుండాలి అన్నది ముందు తేల్చుకోవాలి. నా మట్టుకు నేను ఒక మాట మీద నిలబడతాను: ఖాతా వాళ్లదే అయి ఉండాలి, మారు తాళంచెవి మాత్రం మన దగ్గర ఉండాలి. ఈ రెండూ తారుమారైన చోటే చిక్కులన్నీ మొదలవుతాయి.

పాతది దక్కించుకోవాలా, కొత్తది తెరవాలా

షాపువాళ్లు చేసిచ్చిన ఖాతాను వెంటనే కొట్టిపారేయకండి. ఫోన్‌లోని ఫొటోలు, నంబర్లు, యాప్‌లు అన్నీ దానికే కట్టి ఉంటాయి. ఫోన్ ఇంకా అందులో లాగిన్ అయి ఉంటే, పాస్‌వర్డ్ తెలియకపోయినా, ఫోన్ తెర లాకు ఆధారంగానో నంబరుకు వచ్చే కోడ్‌తోనో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే వీలు చాలాసార్లు దొరుకుతుంది. చేయకూడని పని ఒక్కటే. ఫోన్ నెమ్మదించిందని ముందే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడం. ఆండ్రాయిడ్ ఫోన్ అలా తుడిచేశాక, అంతకుముందు అందులో ఉన్న ఖాతా పాస్‌వర్డ్ గానీ పాత తెర లాకు గానీ చెబితేనే తెరుచుకుంటుంది. దొంగలకు పనికిరాకుండా పెట్టిన ఏర్పాటు అది. పాస్‌వర్డ్ తెలియని ఇంటివాళ్లకు కూడా అదే అడ్డుగోడ అవుతుంది.

నాన్న ఖాతా అలాగే దక్కించుకున్నాం. కానీ దాని అడ్రసు చూస్తే నాకు మనసొప్పలేదు. పేరు, పుట్టిన సంవత్సరం, చివర మూడు సున్నాలు. పుట్టిన సంవత్సరం అడ్రసులో ఉండకూడదు. మన దేశంలో బ్యాంకు స్టేట్‌మెంట్ల దగ్గర్నుంచి ఈ-ఆధార్ దాకా పీడీఎఫ్‌ల పాస్‌వర్డ్‌లు పేరులో నాలుగు అక్షరాలూ, పుట్టిన తేదీనో సంవత్సరాన్నో కలిపి చేసినవే ఎక్కువ. దాన్ని ముఖాన రాసుకుని తిరగడం దేనికి? అందుకని ఫోన్‌కు పాత ఖాతానే ఉంచి, బ్యాంకుకీ పన్నుకీ పింఛనుకీ వేరే కొత్త అడ్రసు తెరిచాం. ఆ అడ్రసు కిరాణా కొట్టులో, సెల్‌ఫోన్ దుకాణంలో, లక్కీ డ్రా చీటీ మీద ఎక్కడా ఇవ్వలేదు. దానికి వచ్చే చెత్త ఇప్పటికీ చాలా తక్కువ.

అడ్రసు పెట్టేటప్పుడు ఒక పరీక్ష చేయండి. బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడి మీ నాన్న దాన్ని అక్షరం అక్షరం చెప్పగలగాలి. అండర్‌స్కోర్ వద్దు. జీమెయిల్‌లో చుక్క ఉన్నా లేకపోయినా ఒకటే ఖాతా కింద లెక్క, కానీ చుక్క పెడితే కౌంటర్లో వాళ్లు ఎక్కడ పెట్టాలని మళ్లీ అడుగుతారు. ఇంటిపేరు, పేరు, అవి దొరక్కపోతే ఊరి పేరు. అంతే.

ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన తేదీ అడుగుతుంది. మన పెద్దవాళ్లకు ఇంట్లో చెప్పుకునే తేదీ ఒకటి, బళ్లో వేసింది ఒకటి, ఆధార్‌లో పడింది ఒకటి. ఏది ఇచ్చామో రాసిపెట్టుకోవాలి.

పుస్తకంలో రాసుకున్న పాస్‌వర్డ్

పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని అందరికీ తెలిసిన సలహా. ఆఫీసు బల్ల మీద అతికించేవాళ్లకు అది వర్తిస్తుంది. అరవై దాటిన మనిషికి, ఇంటి బీరువాలో ఉండే పుస్తకం విషయంలో నేనది ఒప్పుకోను. నాన్న ఖాతాను దోచుకోవాలనుకునేవాడు ఏ రాష్ట్రంలోనో, ఏ దేశంలోనో కూర్చుని ఉంటాడు. వాడికి మా బీరువా అందదు. పుస్తకం వద్దంటే పెద్దవాళ్లు ఏం చేస్తారు? గుర్తుండాలని మనవడి పేరు, ఒకటి రెండు మూడు పెట్టి, అదే అన్ని చోట్లా వాడతారు. ఎక్కడో ఒక చిన్న వెబ్‌సైట్ నుంచి అది బయటపడిందంటే అన్నీ పోయినట్టే.

పొడుగ్గా ఉండటం ముఖ్యం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, నెలనెలా పాస్‌వర్డ్ మార్పించడం, చుక్కలూ గుర్తులూ తప్పనిసరి చేయడం మానేయమనీ, పొడవుకే ప్రాధాన్యం ఇమ్మనీ చెప్పింది. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు చాలు. ఇత్తడి, గొడుగు, రైలు, పనస, ఇలాంటివి. (ఇవే పెట్టకండి, ఇక్కడ రాసేశాను కదా.)

ఇక్కడ మనకే ఉన్న చిక్కు ఒకటుంది. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాలి. గొడుగులో చివర 'యు' పెట్టామా, రెండు 'ఓ'లు పెట్టామా? ఇత్తడిలో 'టి' ఎన్నిసార్లు, పక్కన 'హెచ్' ఉందా? మీరు టైపు చేసినట్టు నాన్న టైపు చేయరు. ఆయన తరానికి ఆ స్పెల్లింగు వేరు. మేం మాట ఎంచుకున్నాక నాన్ననే ఆయన పద్ధతిలో రాయమన్నాను, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం చొప్పున, అన్నీ చిన్న బడి అక్షరాలే. ఆ పేజీ చూసుకుంటూ మూడుసార్లు ఆయనే టైపు చేశారు. రెండోసారి వేలు జారింది, మూడోసారి సరిపోయింది. నేను చేసిపెట్టి ఉంటే రెండు నిమిషాల పని, ఇలా ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలే నేను ఇచ్చిన సలహాలన్నిటికంటే ఎక్కువ పనిచేశాయి. అది ఆయన పాస్‌వర్డ్ అయింది.

మారు తాళంచెవులు

పాస్‌వర్డ్ పోయినా ఖాతా తిరిగి రావాలంటే గూగుల్ రెండు ఆధారాలు అడిగి పెట్టుకుంటుంది. ఒక ఫోన్ నంబరు, ఇంకో మెయిల్. ఫోన్ నంబరు వాళ్లదే ఉండాలి, మెయిల్ మీది ఉండాలి. విదేశాల్లో ఉన్న పిల్లలు చాలామంది తమ అక్కడి నంబరు ఇచ్చేస్తారు. నాన్న పగలు పదకొండింటికి బ్యాంకులో నిలబడి కోడ్ కోసం చూస్తుంటే, డాలస్‌లో అప్పుడు అర్ధరాత్రి. మెయిల్ అయితే ఆ ఇబ్బంది లేదు, అది రోజూ కావలసినది కాదు, పోయినప్పుడు వెతుక్కునేది.

ఆ ఫోన్ నంబరు మీద మాత్రం ఓ కన్నేసి ఉంచాలి. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు ఏ వాడకమూ లేకుండా పడి ఉంటే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. ఆపేసిన నంబరును కనీసం 90 రోజుల దాకా ఎవరికీ ఇవ్వరనీ, తర్వాత అది వేరే చందాదారుకు వెళ్లవచ్చనీ 2023లో సుప్రీంకోర్టులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పింది. పిల్లల దగ్గరికి వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చే అమ్మానాన్నల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. రీఛార్జ్ మర్చిపోయి నంబరు పోతే, రేపు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చేతికి వాళ్ల ఓటీపీలన్నీ వెళ్తాయి. ప్రయాణానికి ముందు మందుల జాబితా రాసుకున్నట్టే సిమ్ రీఛార్జ్ కూడా రాసుకోవాలి.

ఆ తర్వాత రెండంచెల భద్రత. పాస్‌వర్డ్ ఒక్కటే చాలకుండా, ఇంకో ఆధారం కూడా అడగడం. ఎస్సెమ్మెస్ ఓటీపీ అందరికీ అలవాటైనదే, ఏమీ లేనిదానికంటే ఎంతో మేలు. కానీ దానిలో ఒక లోపం ఉంది. ఓటీపీని నోటితో చెప్పేయవచ్చు. ఫోన్లో తియ్యగా మాట్లాడేవాడికి కావలసింది అదే. పాస్‌కీ అలా కాదు. ఫోన్ తాళం తీసినట్టే వేలిముద్రో పిన్నో ఇస్తే లోపలికి వెళ్తుంది. చెప్పడానికి అందులో అంకెలేమీ లేవు, ఎవరు అడిగినా మన పెద్దవాళ్ల దగ్గర చెప్పేందుకు ఏమీ ఉండదు. అందుకే వీలున్న చోట అదే పెట్టమంటాను. వేలిముద్రలు అరిగిపోయి మిషన్ మీద పడని వాళ్లు పిన్ను వాడుకోవచ్చు.

ఫోనే పోతే? దానికి బ్యాకప్ కోడ్లు ఉన్నాయి. గూగుల్ పది కోడ్లు ఇస్తుంది, ఒక్కోటి 8 అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనికొస్తుంది. వాటిని కాగితం మీద ప్రింటు తీసి ఒక ప్రతి ఇంట్లో, ఒకటి మీ దగ్గర ఉంచండి. దాని మీద "ఎవరు ఫోన్ చేసి అడిగినా చెప్పకూడదు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. బ్యాంకువాళ్లైనా, పోలీసులమన్నా, చివరికి కొడుకు గొంతులా వినిపించినా సరే.

మనం వాళ్ల మెయిల్ చూడాలంటే పాస్‌వర్డ్ తీసుకుని మన ఫోన్‌లోనూ లాగిన్ అవడం మామూలుగా అందరూ చేసే పని. దానికంటే మంచి దారి జీమెయిల్‌లోనే ఉంది. కంప్యూటర్లో సెట్టింగ్స్ తెరిస్తే ఖాతాలకు సంబంధించిన పేజీలో, ఇంకొకరికి మెయిల్ చూసే అధికారం ఇచ్చే వీలు కనిపిస్తుంది. డెలిగేషన్ అంటారు. వాళ్లు మెయిల్ చదవగలరు, జవాబివ్వగలరు, తీసేయగలరు. పాస్‌వర్డ్ మాత్రం మార్చలేరు. వద్దనుకున్న రోజు నాన్న ఆ అధికారం వెనక్కి తీసుకోవచ్చు. అన్నదమ్ముల మధ్య పొలం మాటలు నడుస్తున్న ఇళ్లలో ఈ చివరి సంగతి చాలా విలువైనది. ఎవరికి అధికారం ఇచ్చారో మిగతా పిల్లలందరికీ తెలిసేలా ఇవ్వాలని నేను గట్టిగా చెబుతాను. ఇచ్చే ముందు నాన్ననూ అడగాలి. ఆయన స్నేహితులు ఆయనకు రాసుకునేవి మనం చదవాల్సినవి కావు.

పంపినవాడి పేరు ఎవరైనా రాయవచ్చు

పెద్దవాళ్లు మెయిల్‌ను ఎందుకు నమ్ముతారంటే, అది కాగితంలా కనిపిస్తుంది. పైన మూడు సింహాల గుర్తు, కింద సంతకం, మధ్యలో ఫైలు నంబరు. జీవితమంతా అలాంటి కాగితానికి లేచి నిలబడిన తరం అది.

వాళ్లకు నేను ఇన్‌లాండ్ లెటర్ గుర్తుచేస్తాను. వెనక పంపినవారి అడ్రసు దగ్గర మనం ఏం రాసినా పోస్టాఫీసు ఆపేది కాదు, రాష్ట్రపతి భవన్ అని రాసినా బట్వాడా అయ్యేది. మెయిల్ కూడా అలా పుట్టిందే. 1982లో దాని రవాణా నియమాలు రాసిన రోజుల్లో పంపేవాళ్లూ అందుకునేవాళ్లూ ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది. పంపినవాడు నిజంగా వాడేనా అని తనిఖీ చేసే పద్ధతి అందులో లేదు. తర్వాత పై నుంచి అతుకులు వేసుకుంటూ వచ్చారు. ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అని మూడు తనిఖీలు పెట్టారు. రోజుకు 5 వేలకు మించి జీమెయిల్ ఖాతాలకు పంపేవాళ్లంతా వాటిని పాటించాలని 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ పట్టుబట్టింది. దీనివల్ల అచ్చంగా బ్యాంకు అడ్రసే దొంగిలించి పంపడం కష్టమైంది.

కానీ దొంగ తన సొంత అడ్రసు కొనుక్కుని, దానికి బ్యాంకు పేరు తగిలించుకుంటే ఈ మూడు తనిఖీలూ వాడిని సక్రమంగా పాస్ చేస్తాయి. అవి చూసేది అడ్రసు నిజమా కాదా అని మాత్రమే, మనిషి మంచివాడా కాదా అని కాదు. పైగా ఫోన్‌లో మెయిల్ తెరిస్తే ముందు కనిపించేది పేరు. అడ్రసు చూడాలంటే ఆ పేరు కింద ఉన్న చిన్న బాణం నొక్కాలి. నాన్నకు నేర్పిన మొదటి పని అదే. బాణం నొక్కడం, అడ్రసు పైకి చదవడం.

చదవడంలోనూ ఒక కిటుకు ఉంది. మన ఉత్తరం అడ్రసు చివరి లైను చూస్తే ఏ జిల్లాకో తెలిసిపోతుంది కదా, మెయిల్ అడ్రసూ చివరి నుంచే చదవాలి. ప్రభుత్వానిదైతే చివర గవ్ డాట్ ఇన్ గానీ నిక్ డాట్ ఇన్ గానీ ఉండాలి. ఆ మాటలు మధ్యలో ఎక్కడో ఉండి, చివర ఇంకేదో ఉంటే అది ప్రభుత్వానిది కాదు. బ్యాంకుల వెబ్‌సైట్లకు ఈ మధ్యే మంచి గుర్తు వచ్చింది. అన్ని బ్యాంకులూ 2025 అక్టోబర్ 31 లోగా చివర బ్యాంక్ డాట్ ఇన్ అని ఉండే అడ్రసులకు మారాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. ఆ పేరు ఇచ్చే అధికారం రిజర్వ్ బ్యాంక్ నెలకొల్పిన, మన హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కదానికే ఉంది. బ్యాంకు కానివాడికి అది దొరకదు.

అక్షరాల మోసం కూడా చూపించాను. ఇంగ్లిష్ చిన్న బడిలో 'ఆర్', 'ఎన్' పక్కపక్కన రాస్తే 'ఎమ్' లా కనిపిస్తాయి. సున్నాకీ 'ఓ'కీ తేడా తెలియదు. కళ్లజోడు పెట్టుకుని చూసినా నాన్నకు దొరకలేదు, నాకూ మొదట దొరకలేదు. అందుకే అడ్రసు చదవడం ఒక్కదాని మీద ఆధారపడకూడదనిపించింది. ఇంట్లో నియమం ఇలా పెట్టుకున్నాం: మెయిల్ చెప్పింది వినాలి, మెయిల్ చూపిన దారిలో పోకూడదు. డబ్బు వచ్చిందన్నా, ఖాతా ఆగిందన్నా, ఆ లింకు నొక్కకుండా మెయిల్ మూసేసి, ఫోన్ తెర మీద మేం పెట్టిన బ్యాంకు యాప్ తెరిచి చూసుకోవాలి. నిజమైతే అక్కడా ఉంటుంది.

మార్చిలో ఒక రోజు నాన్న నుంచి ఫోన్. "రీఫండు మంజూరైందని వచ్చిందిరా. నలభై ఒక్క వేలు. లింకు నొక్కి ఖాతా నంబరు ఇవ్వమంటున్నారు." గొంతులో ఆశ వినిపించింది. "బాణం నొక్కి చివర ఏముందో చదవండి నాన్నా" అన్నాను. ఒక్కో అక్షరం చదువుతూ వెళ్లి చివర ఆగిపోయారు. "గవ్ అని ఉంది గానీ, దాని తర్వాత ఇంకేదో ఉంది." ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే అన్నారు: "అయినా నాకు కోసిన పన్నే అంత లేదు కదరా!" పన్ను శాఖ మెయిల్‌లో పిన్నులూ పాస్‌వర్డ్‌లూ కార్డు వివరాలూ అడగదు. ఆ నియమం కంటే ముందు నాన్న సొంత లెక్కే ఆ మెయిల్‌ను పట్టుకుంది. పెద్దవాళ్లకు లేనిది తెలివి కాదు. తెర మీద ఎక్కడ చూడాలో ఎవరూ చూపించకపోవడమే వాళ్ల ఇబ్బంది.

డిజిటల్ అరెస్టు సమన్ల పేరుతో వచ్చే మెయిళ్లది ఇంకో తీరు. అక్కడ ఆశ ఉండదు, భయం ఉంటుంది. సీబీఐ, సైబర్ పోలీసుల పేరుతో, మీ మీద కేసుంది, 24 గంటల్లో జవాబివ్వకపోతే అరెస్టు అని పీడీఎఫ్ వస్తుంది. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఇదే చెప్పి, ఆగండి, ఆలోచించండి, చర్య తీసుకోండి అన్నారు. ఇంట్లో చెప్పాల్సింది ఒక్కటే: అలాంటిది వస్తే మాకు చెప్పండి, ఎవరికీ చెప్పొద్దని అందులో రాసి ఉన్నా సరే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాల్లో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆలస్యానికి అసలు కారణం చాలాసార్లు సిగ్గు. పిల్లలు తిడతారని రెండు రోజులు లోపలే కుమిలిపోతారు. "ఏది నొక్కినా, ఎంత పోయినా నేను ఒక్క మాట అనను నాన్నా, ముందు చెప్పండి" అని ఇచ్చిన మాటకు మనం కట్టుబడి ఉండాలి.

కళ్లకు కనబడేది తగ్గించడం

6 వేల చదవని మెయిళ్లున్న ఇన్‌బాక్స్‌లో అసలైనది దొరకదు, నకిలీది తేలిగ్గా దాక్కుంటుంది. కొత్త అడ్రసులో మేం ఒక ఫిల్టర్ పెట్టాం. బ్యాంకు, పన్ను శాఖ, పింఛను, పిల్లలు, ముగ్గురు పాత స్నేహితులు, వీళ్ల మెయిళ్లు మాత్రమే ఇన్‌బాక్స్‌లోకి వస్తాయి. మిగతావి "తర్వాత చూద్దాం" అని తెలుగులో పెట్టిన లేబుల్ కిందకు వెళ్తాయి. ఆదివారం ఆదివారం నేను దాన్ని చూస్తాను. దీనికి ఖర్చు లేకపోలేదు. ఒకసారి బ్యాంకు కొత్త అడ్రసు నుంచి పంపిన స్టేట్‌మెంటు నాలుగు రోజులు అక్కడే ఉండిపోయింది. వారం వారం చూసేవాళ్లు లేకపోతే ఈ ఫిల్టర్ పెట్టకండి.

నిల్వ సంగతి చాలామంది పట్టించుకోరు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్ ఒక్కదానికే కాదు, ఫొటోలకూ డ్రైవ్‌కూ కలిపి. 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా ఇందులోనే పడుతోంది. రోజూ వచ్చే శుభోదయం బొమ్మలూ పెళ్లి వీడియోలూ దాన్ని నింపేస్తాయి. నిండిపోతే మెయిళ్లు రావడం ఆగిపోతుంది, పంపినవాడికి తిరిగి వెళ్తాయి, నాన్నకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలు కలపకుండా ఆపేస్తే చాలావరకు తీరిపోతుంది. బ్యాంకు మెయిళ్లకు వేరే ఖాతా పెట్టడంలో ఇంకో లాభం ఇదే, దాని 15 జీబీ దానికే ఉంటుంది. కాకపోతే రెండేళ్ల పాటు అసలు వాడని ఖాతాలను గూగుల్ తీసేస్తుంది, ఆ విధానం 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. అప్పుడప్పుడూ తెరిచి చూడాలి.

పీడీఎఫ్ పాస్‌వర్డ్‌ల దగ్గర పెద్దవాళ్లు ఎక్కువగా ఆగిపోతారు. పుస్తకంలోనే ఒక పేజీ దానికి కేటాయించాం. ఈ-ఆధార్‌కు పేరులో మొదటి నాలుగు అక్షరాలు పెద్ద బడిలో, తర్వాత పుట్టిన సంవత్సరం. పన్ను రిటర్ను అక్నాలెడ్జ్‌మెంటుకు పాన్ నంబరు చిన్న బడిలో, తర్వాత పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో. బ్యాంకు స్టేట్‌మెంటుకు ఒక్కో బ్యాంకుది ఒక్కో పద్ధతి, అది ఆ మెయిల్‌లోనే రాసి ఉంటుంది.

అక్షరాల సైజు పెంచడం, తెలుగు కీబోర్డులో మైకు చూపించడం, ఇవి చిన్న పనులే గానీ అన్నిటికంటే సంతోషపెట్టేవి. మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడటం చూసి నాన్న రెండుసార్లు అదే వాక్యం చెప్పి చూసుకున్నారు. ఫోన్ మొత్తం తెలుగులోకి మార్చాలా వద్దా అంటే, ఇంగ్లిష్ కొద్దిగా వచ్చినవాళ్లకు మార్చవద్దంటాను. బయట అందరి నోటా "ఇన్‌బాక్స్", "సెట్టింగ్స్" అనే ఉంటాయి, తెర మీద వేరే మాట ఉంటే వెతుక్కోలేరు. ఇంగ్లిష్ అసలు రానివాళ్లకు మారిస్తే మాత్రం, ఫోన్లో దారి చెప్పే మీరు కూడా మీ ఫోన్‌ను తెలుగులో పెట్టుకుని చూడాలి.

దూరం నుంచి సాయం చేసేటప్పుడు తెర పంచుకోమంటాం. మనం అలా అలవాటు చేస్తే రేపు ఫోన్ చేసిన దొంగ కూడా అదే అడుగుతాడు, అది మామూలే అనుకుని వాళ్లు ఒప్పుకుంటారు. అందుకే ఫోన్ వాళ్లే మనకు చేయాలి. మేం చేసిన ఫోన్లో నేను కూడా తెర అడగను. పెట్టేసి, నాన్న తిరిగి చేశాకే అడుగుతాను.

అమ్మకు కూడా

ఎత్తడానికి నోరు రాని విషయం ఒకటి మిగిలింది. ఖాతాదారు కొన్ని నెలలపాటు కనిపించకపోతే ఎవరికి తెలియజేయాలో, ఏవి అప్పగించాలో ముందే చెప్పి ఉంచే ఏర్పాటు గూగుల్‌లో ఉంది. గడువు కనీసం మూడు నెలలు పెట్టుకోవచ్చు, పది మంది దాకా పేర్లు ఇవ్వవచ్చు. నాన్నకు చెప్పడానికి నేను రెండు రోజులు తటపటాయించాను. ఆయన మాత్రం ఎల్ఐసీ ఫారంలో నామినీ నింపినంత మామూలుగా అమ్మ పేరు చెప్పారు. అమ్మకు మెయిల్ లేదు.

అప్పుడు తట్టింది. ఇంట్లో బ్యాంకు, పన్ను, గ్యాసు, కరెంటు అన్నీ నాన్న నంబరు మీదే ఉన్నాయి. కుటుంబ పింఛను కాగితాలు ఎవరి పేరున నడవాలో ఆ మనిషికి సొంత నంబరు ఉంది గానీ, అది దేనికీ కట్టి లేదు. మర్నాడు పొద్దున్న కాఫీలయ్యాక అమ్మను కూర్చోబెట్టాను. పేరు ఏం పెడదామంటే కాసేపు ఆలోచించి, "మా పుట్టింటి ఇంటిపేరు పెట్టొచ్చా?" అంది. పెట్టొచ్చన్నాను. ఆ అడ్రసు ఖాళీగానే ఉంది, వెనక అంకెలేమీ తగిలించకుండానే దొరికింది.

అమ్మ పాస్‌వర్డ్ ఏమిటో నాన్నకు చెప్పలేదు. తన పేజీ తనే రాసుకుంది. బ్యాకప్ కోడ్ల కాగితాన్ని మడిచి, బీరువాలో పట్టుచీరల కింద డిపాజిట్ రసీదుల పక్కన పెట్టి, రెండో ప్రతి నా చేతికిచ్చింది. వారం తర్వాత ఆమె బ్యాంకుకు వెళ్లినప్పుడు ఫోన్ పెట్టేయకుండా వింటున్నాను. కౌంటర్ అవతలి అమ్మాయి "ఈమెయిల్ ఐడీ ఉందా ఆంటీ?" అని అడిగింది. అమ్మ ఒక్కో అక్షరం నిదానంగా చెప్పుకుంటూ వెళ్లింది, ఎక్కడా ఆగలేదు.